పొద్దు గూకక ముందే సమాధానపడదాం

ధ్యాన భాగములు: ఎఫెసీ 4:26–32, మత్తయి 5:23, 24, ఆదికాండము 42–45 అధ్యాయములు



పెద్దమండ్యం చుట్టుపక్కల పల్లెల నుండి బి.పి. చూపించుకోవడానికి వచ్చేవారి చేతికి పట్టీ కట్టేటప్పుడు నేను ఒక ప్రశ్న అడుగుతుంటాను: "ఇంట్లో అంతా బాగున్నారా?" చాలామంది "బాగుండాం సిస్టరమ్మా" అంటారు. కొందరు మాత్రం తల దించుకుంటారు. చేని గట్టు దగ్గర అన్నదమ్ముల తగాదా, బోరు నీళ్ల వంతు, టమోటా డబ్బుల లెక్క, అత్తాకోడళ్ల మాటా మాటా... ఏదో ఒకటి బయటికి వస్తుంది. మాత్ర రాసిస్తే పని అయిపోదని నాకు అప్పుడు తెలుస్తుంది. అందుకే ఈ నెల పాఠంలో కోపము, సమాధానము అనే సంగతిని ధ్యానిద్దాం.

1. కోపం వచ్చినప్పుడు శరీరంలో ఏమి జరుగుతుంది?

కోపం రాగానే అడ్రినలిన్ వంటి రసాయనాలు రక్తంలోకి విడుదలవుతాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది, రక్తపోటు పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. అపాయం నుండి తప్పించుకోవడానికి దేవుడు శరీరంలో పెట్టిన ఏర్పాటు ఇది. కాసేపటికి తగ్గిపోవాలి. మనమే దాన్ని తగ్గనీయం. జరిగిన మాటను రాత్రంతా నెమరు వేస్తూ ఉంటాం.

2024లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశోధన ఈ విషయాన్ని చక్కగా చూపించింది. 280 మంది ఆరోగ్యవంతులు అందులో పాల్గొన్నారు. వారిలో కొందరిని, తమకు కోపం తెప్పించిన పాత సంగతిని 8 నిమిషాలు తలచుకోమన్నారు. అంతమాత్రానికే వారి రక్తనాళాలు సులువుగా వెడల్పయ్యే శక్తి 40 నిమిషాల వరకు తగ్గింది. ఎవరూ వారిని తిట్టలేదు, కొట్టలేదు. పాత గాయాన్ని తలచుకున్నారు, అంతే. ఆ పని మనం పదేళ్లుగా రోజూ చేస్తుంటే మన రక్తనాళాల గతి ఏమిటో ఆలోచించండి.

ఒక మాట మరువవద్దు. ప్రతి బి.పి.కీ కోపమే కారణం కాదు. వయసు, ఉప్పు, బరువు, పొగాకు, వంశం కూడా కారణాలే. కాబట్టి "క్షమించేశాను" అని మాత్రలు మానుకోకండి. ప్రార్థన చేయండి, మాత్ర కూడా వేసుకోండి. కోపంలో ఉన్నప్పుడు ఛాతీలో నొప్పి, చెమటలు, ఆయాసం వచ్చినా, మూతి వంకర పోయినా, చేయి పడిపోయినా, మాట తడబడినా ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయండి.

2. కోపపడడం పాపమా?

కోపం రావడమే పాపమని లేఖనము చెప్పడం లేదు. పేదల మొర విన్న నెహెమ్యాకు బహుగా కోపం వచ్చింది (నెహెమ్యా 5:6, 7). కానీ ఆయన వెంటనే నోరు తెరవలేదు. ముందు తన మనసులో ఆలోచించుకున్నాడు, తరువాత తప్పు చేసినవారితో నేరుగా మాట్లాడాడు. కయీను సంగతి వేరు. దేవుడే వచ్చి హెచ్చరించినా తన కోపాన్ని లోపలే దాచుకొని తమ్ముణ్ణి పొలంలో చంపాడు (ఆదికాండము 4). ఇద్దరికీ కోపం వచ్చింది. ఒకడు దాన్ని ఆలోచనగా మార్చుకున్నాడు, ఇంకొకడు దాన్ని పెంచుకున్నాడు.

ఎఫెసీ సంఘానికి రాస్తూ పౌలు కోపానికి ఒక గడువు పెట్టాడు. పొద్దు గూకేలోపు అది తీరిపోవాలి. రాత్రి దాటితే అపవాదికి మన ఇంట్లో చోటిచ్చినట్టే.

3. నా అనుభవం

ఈ పాఠం చెప్పే అర్హత నాకు సులువుగా రాలేదు. చాలా ఏళ్ల క్రితం నేను పనిచేసిన ఒక వార్డులో బి.పి. మిషను కనపడలేదు. రోగుల ఎదుటనే ఒక ఆయమ్మను గట్టిగా కేకలేశాను. "నీవు తప్ప ఇంకెవరు తీస్తారు?" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. సాయంత్రం ఆ మిషను నా బీరువాలోనే దొరికింది, ముందురోజు నేనే పెట్టి మరచిపోయాను.

వెంటనే వెళ్లి చెప్పవలసింది. వెళ్లలేదు. "నేను పెద్దదాన్ని, ఆమె ముందు ఎలా?" అనిపించింది. మూడు దినాలు అన్నం సహించలేదు, నిద్ర పట్టలేదు. పొద్దున వార్డులో ప్రార్థన చేయించేదాన్ని నేనే. నా గొంతు నాకే అబద్ధంగా వినిపించింది. నాలుగో దినం ప్రార్థన మధ్యలో ఆగి, అందరి ఎదుటే, "తప్పు నాది, మిషను నా దగ్గరే ఉండింది. అమ్మా, నన్ను క్షమించు" అన్నాను.

ఆమె కొంగుతో కండ్లు తుడుచుకొని, "పోనీలేమ్మా. మూడు దినాలుగా మీరు టిఫిన్ డబ్బా తెరవకుండానే ఇంటికి తీసుకపోతాండేది నేను చూడలేదా?" అంది.

ఆమె నన్ను ఎప్పుడో క్షమించింది. చెరలో ఉండింది నేనే. ఆ దినం నుండి ఒక నియమం పెట్టుకున్నాను: నలుగురి ఎదుట తిడితే నలుగురి ఎదుటే క్షమాపణ అడగాలి. చాటుగా అడిగితే మన పరువు నిలుస్తుంది గాని, అవతలివారి పరువు తిరిగి రాదు.

4. ముందు ఎవరు వెళ్లాలి?

మత్తయి 5:23, 24 జాగ్రత్తగా చదవండి. అర్పణ తెచ్చినవానికి ఎవరిమీదో కోపం ఉందని అక్కడ లేదు. సహోదరునికి అతనిమీద ఏదో ఉందని జ్ఞాపకం వచ్చింది. మత్తయి 18:15లో అయితే తప్పు చేసింది అవతలివాడు. అక్కడ కూడా మనమే వెళ్లాలి. తప్పు మనదైనా, వారిదైనా, మొదటి అడుగు మనదే. "వాడే రానీ" అనే మాటకు ప్రభువు ఎక్కడా చోటివ్వలేదు.

ఇది మనుషులకే కాదు, సంఘాలకూ కష్టమైన పనే. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో పలు సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘముగా ఏర్పడ్డాయి. మన రాయలసీమలోనే నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్ విశ్వాసులు చాలామంది అందులో చేరక విడిగా ఉండిపోయారు. 1963లో వారికి వేరే డయోసిస్ కూడా ఏర్పడింది. చివరకు 1975లో నంద్యాల డయోసిస్ దక్షిణ ఇండియా సంఘములో చేరింది. ఇరవై ఎనిమిదేళ్లు! ఒకే ప్రభువును ఆరాధించేవారికే అంత కాలం పట్టింది. మీ అన్నదమ్ముల మధ్య ఒక్క మాటతో పని జరగకపోతే నిరాశపడకండి. మళ్లీ వెళ్లండి.

5. క్షమించడం వేరు, సమాధానపడడం వేరు

క్షమించడం ఒక్కరి చేతిలోని పని. సమాధానానికి ఇద్దరు కావాలి. యోసేపు అన్నలను చూడగానే తనను తాను తెలియపరచుకోలేదు. పగ తీర్చుకొనే అధికారం ఉన్నా తీర్చుకోలేదు, ధాన్యమిచ్చి పంపాడు. కానీ వారి మనసు మారిందో లేదో చూశాడు. బెన్యామీను కోసం యూదా తనను తాను బానిసగా అప్పగించుకోవడానికి ముందుకు వచ్చినప్పుడే యోసేపు ఏడ్చి బయటపడ్డాడు.

1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో గ్రాహం స్టెయిన్స్ గారిని, ఆయన ఇద్దరు చిన్న కుమారులను సజీవ దహనం చేశారు. ఆయన భార్య గ్లాడిస్ స్టెయిన్స్ గారు కూడా మావలె నర్సే. హంతకులను క్షమించానని ఆమె చెప్పారు, బారిపదలో కుష్ఠురోగుల సేవ 2004 వరకు కొనసాగించారు. చట్టం తన పని తాను చేసింది. ఆమె క్షమాపణ దానికి అడ్డు కాలేదు.

కాబట్టి భర్త చేత దెబ్బలు తింటున్న సహోదరికి "సర్దుకుపో" అని చెప్పడం సమాధానం కాదు. ముందు ఆమె ప్రాణం కాపాడాలి. 181 నంబరుకు ఫోన్ చేయవచ్చు. 2005 గృహహింస చట్టం ఆమెకు అండగా ఉంది. కొట్టడం ఆగి, మనసు మారిన గుర్తులు కనపడిన తరువాతే కలిసి బ్రతకడం గురించి మాట.

6. క్షణికావేశం గురించి ఒక హెచ్చరిక

ఇది రాస్తుంటే నా చేయి వణుకుతుంది. అవతలివారిని ఏమీ అనలేక, ఆ కోపాన్ని తనమీదే తీర్చుకొని పురుగుల మందు తాగినవారిని మేము చూశాం. బ్రతికినవారిలో చాలామంది చెప్పేది ఒకటే: "ఆ గంట గడిచింటే తాగేదాన్ని కాదు." కాబట్టి సేద్యం మందులు ఇంట్లో పెట్టకండి. పెట్టక తప్పకపోతే పెట్టెలో పెట్టి తాళం వేయండి. ఎవరైనా తాగితే ఉప్పునీళ్లు తాపి వాంతి చేయించకండి. 108కి ఫోన్ చేసి, మందు డబ్బా కూడా ఆసుపత్రికి తీసుకురండి. మనసు బాగాలేనప్పుడు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. అలాంటి ఆలోచన వచ్చిందని చెప్పడానికి సిగ్గుపడకండి. మేము ఎవరినీ తప్పుపట్టం.

7. ఈ వారం చేయవలసినవి

అ) కోపం వచ్చినప్పుడు వెంటనే జవాబు చెప్పకండి. అక్కడి నుండి లేచి, ఒక లోటా నీళ్లు తాగి, కొంచెం దూరం నడిచి రండి.

ఆ) రాత్రి పూట, తాగినవారితో, ఆకలితో ఉన్నవారితో తగాదా తీర్చబోకండి.

ఇ) "నీవు ఎప్పుడూ ఇంతే" అనకుండా, "ఆ మాటకు నాకు బాధయింది" అనండి.

ఈ) క్షమాపణ అడిగేటప్పుడు "కానీ నీవు కూడా..." అని చేర్చకండి. ఆ "కానీ" ముందున్న మాటలన్నిటినీ మింగేస్తుంది.

ఉ) మాట కుదరకపోతే ఇద్దరికీ నమ్మకమైన ఒక పెద్దను గాని, పాస్టరు గారిని గాని తోడు తీసుకువెళ్లండి. భూమి తగాదా కోర్టులో ఉంటే లోక్ అదాలత్‌లో రాజీ చేసుకోవచ్చు. అక్కడి ఒప్పందం కోర్టు తీర్పుతో సమానం, కట్టిన కోర్టు ఫీజు కూడా తిరిగి వస్తుంది.

కుటుంబ ప్రార్థనలో మాట్లాడుకొనుటకు ప్రశ్నలు

1. నేను పేరు వింటేనే ముఖం తిప్పుకొనే మనిషి ఎవరు?
2. నామీద ఎవరికైనా బాధ ఉందా? నేను వారి ఇంటికి వెళ్లి ఎన్ని దినాలైంది?
3. మన పిల్లలు మన కోపాన్ని చూశారు. మనం క్షమాపణ అడగడం ఎప్పుడైనా చూశారా?

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, మేము దాచుకొన్న కోపమును నీ యెదుట దించుచున్నాము. మేము నొప్పించినవారి గుమ్మము తొక్కుటకు మాకు ధైర్యము దయచేయుము. వారు తలుపు తెరవని దినమున మాకు ఓర్పు నిమ్ము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.

మీ సేవలో,
నర్సింగ్ సూపరింటెండెంట్