మడత మరిచిపోని కాగితం



ఒక తెల్లకాగితాన్ని మధ్యకు మడిచి, గోటితో గట్టిగా రుద్ది, మళ్ళీ విప్పండి. అరచేత్తో ఎంత సాపు చేసినా ఆ గీత పోదు. బరువైన పుస్తకం కింద రాత్రంతా ఉంచినా జాడ మిగిలే ఉంటుంది. ఎందుకని? పాతికేళ్ళకు పైగా సైన్సు పాఠాలు చెబుతున్న నేను ఈ ప్రశ్న ఎన్నడూ వేసుకోలేదు. దాన్ని నా ముందు పెట్టినవాడు ఒక రెండో తరగతి పిల్లవాడు. ముందు ఆ సంగతి చెబుతాను.

మా హైస్కూలు ఆవరణలోనే ప్రాథమిక పాఠశాల ఉంది. ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్న ఒక అమ్మాయి టీచింగ్ ప్రాక్టీసు కోసం అక్కడికి వచ్చి, 40 రోజులు రెండో తరగతికి పాఠాలు చెప్పింది. చివరి వారం మధ్యాహ్నం వేళల్లో మా ప్రయోగశాల బల్ల దగ్గర కూర్చుని, పాత క్యాలెండరు కాగితాలు కత్తిరించి మడుస్తూ ఉండేది.

"ఏమిటమ్మా ఇది?" అని అడిగాను.

"వెళ్ళేటప్పుడు పిల్లలకిద్దామని కప్పలు చేస్తున్నాను, మాస్టారూ. 38 మంది ఉన్నారు" అంది.

తలో పెన్సిలూ కొనిస్తే పనికొచ్చేది కదా, ఈ కాగితం బొమ్మలు ఒక్క పూటైనా ఉంటాయా అని నేను మనసులో అనుకున్నాను.

ఆఖరి రోజు సాయంత్రం అందరికీ తలో కప్ప ఇచ్చింది. వెనకభాగం మీద వేలితో నొక్కి వదిలితే కప్ప గెంతుతుంది. తరగతి అంతా ఒకటే గోల! ఇంతలో ఒక పిల్లవాడు లోపల ఏముందో చూద్దామని తన కప్పను పూర్తిగా విప్పేశాడు. కప్ప మాయమై, గీతలున్న ఉత్త కాగితం మిగిలింది. వాడు ఏడుపు లంకించుకున్నాడు. ఆమెకు బస్సు వేళవుతోంది. మళ్ళీ మడిచి ఇచ్చేస్తుందనుకున్నాను. ఇవ్వలేదు. వాడి పక్కనే నేల మీద కూర్చుని, "కప్ప ఎక్కడికీ పోలేదు నాన్నా, కాగితంలోనే ఉంది. గీతలు ఎటు వంగమంటే అటు వంచు" అంది.

వాడు ముక్కు తుడుచుకుంటూ ఒక్కొక్క గీతనే తడిమి చూశాడు. రెండుసార్లు తప్పాడు. మూడోసారి కప్ప వచ్చింది! అది చూశాకనే ఆమె సంచీ తీసుకుని బయలుదేరింది.

వారం తిరిగేసరికి ఆ క్యాలెండరు కప్పలు చాలావరకు నలిగిపోయాయి. అంతవరకు నా అంచనా నిజమే. కాని అప్పటికే తరగతిలో సగం మంది నోటుపుస్తకాల కాగితాలతో కొత్త కప్పలు చేస్తున్నారు.

గీత ఎందుకు చెరగదు?

కాగితం పైకి నున్నగా కనిపించినా, అది సన్నని సెల్యులోజు పోగులతో పరిచిన చాపలాంటిది. మడిచినప్పుడు మడతకు బయటివైపున్న పోగులు సాగుతాయి. లోపలివైపువి నలుగుతాయి. పోగుల మధ్య ఉన్న బంధాలు కొన్ని తెగిపోతాయి. రబ్బరు బ్యాండును కొద్దిగా సాగదీసి వదిలితే మొదటి రూపానికి వస్తుంది. ఈ గుణాన్ని స్థితిస్థాపకత అంటారని మీరు చదువుకున్నారు. దానికి ఒక అవధి ఉంటుంది. గట్టిగా మడిచిన చోట కాగితం ఆ అవధిని దాటిపోతుంది. కనుక విప్పినా పోగులు పాత స్థితికి రావు. ఆ చోట కాగితం మెత్తబడి, మళ్ళీ అక్కడే సులువుగా వంగుతుంది. ఆ పిల్లవాడికి దారి చూపినవి ఈ మెత్తబడిన చోట్లే.

కాగితం మడతల కళ జపాను దేశంలో బాగా పెంపొందింది. జపాను భాషలో 'ఓరి' అంటే మడత, 'కామి' అంటే కాగితం. రెండూ కలిసి 'ఓరిగామి' అయింది.

కప్పను చేద్దాం

16 సెం.మీ. పొడవు, 8 సెం.మీ. వెడల్పు గల కాగితం తీసుకుని నిలువుగా పెట్టుకోండి.

1. పై కుడి మూలను ఎడమ అంచుకు తాకేట్లు ఏటవాలుగా మడిచి విప్పండి. పై ఎడమ మూలను కుడి అంచుకు అలాగే మడిచి విప్పండి. ఇంటూ గుర్తులా రెండు గీతలు ఏర్పడతాయి.

2. కాగితాన్ని తిరగేసి, ఆ గీతలు కలిసే బిందువు గుండా అడ్డంగా మడిచి విప్పండి. మళ్ళీ మొదటివైపుకు తిప్పండి.

3. అడ్డగీత రెండు చివరలనూ లోపలికి నెడుతూ పై అంచును కిందికి దించండి. పైభాగం త్రిభుజంగా మారుతుంది. ఇది తల.

4. త్రిభుజం పై పొరలో ఉన్న రెండు కింది మూలలనూ శిఖరం వైపు మడవండి. ఇవి ముందుకాళ్ళు.

5. మిగిలిన భాగపు పక్క అంచులు రెండూ మధ్యలో కలిసేట్లు, ముందుకాళ్ళ కిందుగా మడవండి.

6. కింది అంచును ముందుకాళ్ళ మొదలు దాకా పైకి మడవండి. అదే అంచును తిరిగి కొత్త మడత దాకా కిందికి దించండి. ఈ చివరి రెండు మడతలను మాత్రం గోటితో రుద్దకండి. తిరగేస్తే కప్ప సిద్ధం.

ఎందుకు గెంతుతుంది?

వెనకనున్న జంట మడత ఒక స్ప్రింగు. వేలితో నొక్కినప్పుడు మీరు చేసిన పని అందులో స్థితిజశక్తిగా నిలవ ఉంటుంది. వేలు జారగానే అది గతిజశక్తిగా మారుతుంది. కప్ప నేలను నెడుతుంది, నేల కప్పను నెడుతుంది. ఇది న్యూటన్ మూడో నియమమే.

ఇప్పుడు ఒక ప్రయోగం. కప్పను 10 సార్లు గెంతించి, దూరాలు కొలిచి సగటు కట్టండి. తరువాత స్ప్రింగు మడతలను గోటితో గట్టిగా రుద్ది, మళ్ళీ 10 సార్లు కొలవండి. సగటు ఎలా మారింది? స్థితిస్థాపక అవధి గురించి పైన చెప్పిన మాటతో పోల్చి చూడండి.

బహుమతి నుంచి పుస్తకం

చిన్నపిల్లలకు కాగితం మడతలు ఇవ్వడం కొత్త ఆలోచన కాదు. జర్మనీలో కిండర్‌గార్టెన్ పద్ధతిని ప్రారంభించిన ఫ్రోబెల్, పిల్లలు ఆడుతూ నేర్చుకునేందుకు ఇచ్చే వస్తువులకు 'బహుమతులు' అనే పేరు పెట్టాడు. కిండర్‌గార్టెన్ బహుమతుల వరసలో 8వదిగా ఇచ్చే కాగితం మడతల నుంచి స్ఫూర్తి పొంది, టి. సుందరరావు అనే ఆయన 1893లో మద్రాసులో ఒక ఇంగ్లీషు పుస్తకం ప్రచురించాడు. వృత్తలేఖిని లేకుండా కేవలం మడతలతో సమబాహు త్రిభుజం, పంచభుజి వంటివి ఎలా సాధించవచ్చో అందులో చూపించాడు. జర్మనీ గణితవేత్త ఫెలిక్స్ క్లైన్ దాన్ని తన గ్రంథంలో పేర్కొన్నాడు. 1901లో అమెరికాలో కూడా అది అచ్చయింది.

మడతలు అంతరిక్షానికీ వెళ్ళాయి. 1970లో జపాను శాస్త్రజ్ఞుడు కోర్యో మియురా విశాలమైన పలకను ఒక్క లాగుతో విప్పుకునే మడత పద్ధతిని వివరించాడు. 1995లో ఒక జపాను ఉపగ్రహంలో సౌరఫలకాల అమరికను ఆ పద్ధతిలో మడిచి పంపి, అంతరిక్షంలో విప్పి చూశారు.

మీరు కూడా చిన్న తరగతి పిల్లలకు ఒక కప్పను చేసి ఇవ్వండి. వాళ్ళు దాన్ని విప్పేస్తే కోప్పడకండి, వెంటనే లాక్కుని మీరే మడిచి ఇవ్వకండి. పక్కన కూర్చుని కాసేపు ఆగండి. ఆ రోజు బస్సు వేళ మించిపోతున్నా ఆ అమ్మాయి చేసిన పని అదే. ఆమె ఇచ్చిన అసలు బహుమతి ఏదో నాకు అప్పుడు తెలిసింది.