గ్రంథరక్షణ: బూజు, లేజరు, మన కర్తవ్యం

మన పూర్వ లేఖకులు గ్రంథం వ్రాయడం ముగించి చివర ఒక విన్నపం చేర్చేవారు. నూనె నుండి, నీటి నుండి, వదులైన కట్టు నుండి తనను కాపాడమని గ్రంథమే వేడుకొంటున్నట్లు ఆ మాట ఉంటుంది. మల్లినాథసూరి వ్యాఖ్యానాలు నేటి విద్యార్థికి అందుతున్నాయంటే, ఆ విన్నపాన్ని మన్నించిన తరాల చలువే. ఆ మహనీయుని స్వగ్రామం మన మెదక్ జిల్లాలోని కొల్చారమేనని ప్రసిద్ధి.

ఈ వర్షాకాలంలో మనోహరాబాద్ వాస్తవ్యులొకరు తమ తాతగారి చేతివ్రాత ప్రతిని నా వద్దకు తెచ్చారు. పుటల నిండా నల్లని బూజు. "పంతులుగారూ, లేజరు కిరణంతో బూజు తొలగిస్తారట కదా, దీనికి చేయించవచ్చునా?" అని అడిగారు. ఇటువంటి ప్రతులు పలువురి ఇళ్లలో ఉన్నవి కనుక నా సమాధానాన్ని ఇక్కడ వివరిస్తున్నాను.

బూజు స్వరూపం

బూజు కేవలం మురికి కాదు, ప్రాణమున్న శిలీంధ్రం. దాని సూక్ష్మబీజాలు గాలిలో ఎల్లప్పుడూ ఉంటాయి. గాలిలో తేమ నూటికి 65 పాళ్లు దాటి, కొన్నాళ్లు అలాగే నిలిచితే అవి మొలకెత్తుతాయి. కాగితపు పోగులు, అట్టకు పూసిన మైదా జిగురు వాటికి ఆహారం.

లేజరు పనితీరు

తొలి లేజరును 1960లో అమెరికాలో మైమన్ అనే శాస్త్రజ్ఞుడు నిర్మించాడు. 1970ల ఆరంభంలో వెనిస్ నగరంలో జాన్ ఆస్మస్ దానితో పాలరాతి శిల్పాల మీది నల్లని మలినాన్ని తొలగించి చూపాడు. తరువాత కాగితం మీద కూడా పరీక్షలు జరిగాయి.

ఇందులోని సూత్రం మనకు తెలిసినదే. వేసవిలో గుడి ప్రాంగణంలోని నల్లరాయి పాదాలను కాలుస్తుంది. తెల్ల సున్నం పూసిన బాట అంతగా కాలదు. నలుపు వెలుగును గ్రహిస్తుంది, తెలుపు తిప్పి పంపుతుంది. సెకనులో శతకోటి వంతు లెక్కన కొలిచే స్వల్ప కాలంలో కిరణం తాకగానే నల్లని మలినం వేడెక్కి లేచిపోతుంది. తెల్లని కాగితం నిలుస్తుంది.

చిక్కు ఇక్కడే ఉన్నది. మన పూర్వుల సిరా దీపపు మసిలో తుమ్మజిగురు కలిపి నూరినది. తాళపత్రంపై గంటంతో గీసిన గీతలలో నింపినదీ మసియే. అచ్చు సిరాలోని నలుపూ అటువంటిదే. కిరణానికి మలినపు నలుపు, అక్షరపు నలుపు అనే భేదం తెలియదు. బూజుతో పాటు అక్షరమూ పోవచ్చును. శక్తి మితిమీరితే కాగితం పచ్చబడుతుంది. పోగుల లోపలికి దిగిన మరక మిగిలిపోవచ్చు కూడా. కనుక వ్రాత లేని అంచులపై, ప్రయోగశాలలో, నిపుణులు ముందుగా చిన్న చోట పరీక్షించి చేయవలసిన పని ఇది. ఆ గృహస్థుకు వద్దనే చెప్పాను.

ఇంట చేయదగినవి

1. బూజు పట్టిన ప్రతిని తక్కిన పుస్తకాల నుండి వెంటనే వేరుచేయాలి.

2. తడి గుడ్డతో తుడవరాదు. గాలి ఆడే నీడలో పూర్తిగా ఆరనివ్వాలి. మండుటెండ కాగితాన్ని పెళుసు చేస్తుంది.

3. ఆరిన తరువాత ముక్కుకు మాస్కు, చేతులకు తొడుగులు ధరించి, ఆరుబయట మెత్తని కుంచెతో నెమ్మదిగా దులపాలి. వ్రాత రాలుతున్నట్లు కనిపిస్తే అక్కడితో ఆపాలి.

4. వానకు తడిసిన పుస్తకాన్ని రెండు రోజులలోగా ఆరబెట్టాలి. ఆలస్యమైతే బూజు మొదలవుతుంది.

5. బీరువాను గోడకు ఆనించరాదు. వేపాకు, వస కొమ్ము పురుగును దూరం చేయవచ్చునేమో గాని తేమను ఆపలేవు.

6. తాళపత్రాలకు ఇంట్లో నూనె రాయవద్దు. ప్రాచ్య లిఖిత గ్రంథాలయాల నిపుణులకు చూపించాలి.

అన్నిటికంటె ముఖ్యం, ప్రతి పుటకు ఫోటో తీసి ఉంచడం. మల్లినాథుని వాక్కు ఆయన చేతి ఆకులతో కాక, తరతరాల వారు తిరిగి వ్రాసుకొన్న ప్రతులతో మనదాకా వచ్చింది. మనోహరాబాద్ గృహస్థు తాతగారి ప్రతిలోని పుటలన్నిటికీ ఆయన మనుమరాలు ఫోనులో ఫోటోలు తీసింది. వానలు ముగిసేలోగా మీ ఇంటి అటకపై ఉన్న మూటను ఒకసారి దించి చూడండి. వాగ్దేవి అనుగ్రహం మీకు కలుగుగాక!