రాతిలో నిలిచిన పల్లె స్త్రీ



మ్యూజియం అనగానే రాజుల కత్తులు, నగలు, గడియారాలు గుర్తుకొస్తాయి. మన అమ్మలాంటి మనిషికి అక్కడ చోటుండదా? ఈ ప్రశ్నకు ఈజిప్టు రాజధాని కైరోలోని మహమూద్ మొఖ్తార్ మ్యూజియం మంచి జవాబు చెబుతుంది.

మొఖ్తార్ 1891లో నైలు డెల్టాలోని ఒక పల్లెలో పుట్టాడు. చిన్నప్పుడు కాలువ గట్టున బంకమట్టితో బొమ్మలు చేసేవాడు. 1908లో కైరోలో ఫీజు లేని లలిత కళల పాఠశాల తెరిచారు. అందులో చేరిన మొదటి విద్యార్థుల్లో ఆయన ఒకడు. తర్వాత పారిస్‌లో చదివాడు.

1919లో ఈజిప్టు ప్రజలు బ్రిటిష్ పాలనపై తిరగబడ్డారు. ఆ స్ఫూర్తితో చెక్కిన ‘ఈజిప్టు మేల్కొలుపు’ శిల్పానికి ప్రజలు చందాలిచ్చారు. 1928లో దానిని కైరో రైల్వేస్టేషన్ ముందు ఆవిష్కరించారు. 1955లో కైరో విశ్వవిద్యాలయం దగ్గరికి మార్చారు. అందులో సింహం ఒంటితో, మనిషి తలతో ఉన్న స్ఫింక్స్ ముందుకాళ్లపై లేస్తుంటుంది. పక్కన నిలబడి ముసుగు తొలగిస్తున్నది రాణి కాదు, ఒక రైతు స్త్రీ!

మొఖ్తార్ 1934లో మరణించాడు. నైలు నది మధ్యనున్న గెజీరా ద్వీపంలో ఆయన మ్యూజియం 1962లో ప్రారంభమైంది. భవనాన్ని రూపొందించినవారు రామ్సెస్ విస్సా వాసెఫ్. శిల్పి సమాధి కూడా అక్కడే ఉంది. లోపల నీళ్లకు వెళ్లే ఆడవాళ్లు, పొలం కాపలాదారు వంటి పల్లె మనుషులే కంచులో, రాతిలో కనిపిస్తారు.

వాటిలో ‘ఖమాసీన్’ ప్రసిద్ధమైనది. ఎడారి నుండి వసంతకాలంలో వీచే వేడి దుమ్ముగాలి పేరు అది. ఒక స్త్రీ ఆ గాలికి ఎదురు నడుస్తోంది. ఒళ్లు ముందుకు వంగింది, బట్ట వెనక్కి ఉబ్బింది. గాలి కంటికి కనపడదు కదా! శిల్పి బట్ట మడతలతోనే దానిని చూపించాడు. గాలి ఎంత బలమైనదో, ఆమె పట్టుదల అంత బలమైనదని మనకు అర్థమవుతుంది.

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో బెంజోనీ చెక్కిన ‘ముసుగు రెబెకా’ ఉంది. అక్కడ పాలరాయి పల్చని మేలిముసుగైంది. ఇక్కడ రాయి గాలి అయింది. రెండింటిలోనూ పనితనం గొప్పదే, చెప్పిన సంగతులు వేరు.

విహారయాత్రలో మ్యూజియంకు వెళితే వరుసలో పరుగెత్తకండి. ఒక్క శిల్పం ముందైనా ఐదు నిమిషాలు ఆగండి. ముందు నుండి, పక్క నుండి, వీలైతే వెనుక నుండి చూడండి. అది ఏ రాయి, బరువు ఏ కాలిపై ఉంది, ఎవరి కథ చెబుతోంది అని ప్రశ్నించుకోండి.

సెలవులకు ఇంటికెళ్లినప్పుడు అమ్మ బిందె ఎత్తుకునే తీరునూ అలాగే చూడండి. మొఖ్తార్ రాతిలో నిలిపింది ఆ నడకనే. మన ఇంటివాళ్ల కష్టం సిగ్గుపడవలసినది కాదు, మ్యూజియంలో నిలబడదగినది.