వంకర పాదానికి ఆపరేషన్: కోత ఎక్కడ పెడతారు?

బిడ్డ పాదం లోపలికి, కిందికి మెలితిరిగి పుడితే తల్లి బెంబేలెత్తిపోతుంది. "గ్రహణం నాడు బయటికి వెళ్లావా?" అని ఇంట్లో పెద్దలు అడుగుతారు. దీనికి, గ్రహణానికి ఏ సంబంధమూ లేదు. దాదాపు వెయ్యి మంది శిశువుల్లో ఒకరికి ఇలా ఉంటుంది. మగపిల్లల్లో ఎక్కువ. నూనె మర్దనతో సర్దుకుంటుందిలే అని మాత్రం ఆగకండి.

"ఒకేసారి ఆపరేషన్ చేసేయండి, డాక్టరుగారూ" అని అడిగే ముందు ఆ ఆపరేషన్ ఏమిటో తెలుసుకోండి. పాదం లోపలివైపు, మడమ వెనుక స్నాయువులు, కీళ్ల పొరలు బిగుసుకుని ఉంటాయి. వాటిని వదులుచేసి ఎముకలను వరుసలో పెడతారు. అక్కడికి చేరడానికి ముఖ్యంగా మూడు దారులున్నాయి.

1971లో అమెరికా డాక్టరు టర్కో వివరించిన పద్ధతిలో కోత పాదం లోపలి అంచున మొదలై చీలమండ కిందుగా మడమ వెనుకకు సాగుతుంది. లోపలివైపు చక్కగా కనబడుతుంది గాని బయటివైపు అందడం కష్టం. కేరల్ పద్ధతిలో రెండు వేర్వేరు కోతలు: ఒకటి లోపలివైపు, ఇంకొకటి వెనుక బయటివైపు. మూడోది సిన్సినాటి కోత. 1982లో డాక్టరు క్రాఫర్డ్ ప్రచురించారు. ఇది మడమ వెనుకనుంచి అడ్డంగా రెండు పక్కలకూ వెళ్తుంది. అన్నివైపులా కనబడుతుంది, మచ్చ చర్మపు ముడతలో కలిసిపోతుంది. అయితే బాగా బిగుసుకున్న పాదాన్ని వెంటనే పైకి వంచితే వెనుక కుట్ల దగ్గర చర్మం లాగుకుపోయి పుండు పడవచ్చు. అందుకని మొదట పాదాన్ని కొంచెం కిందికే ఉంచి కట్టు వేసి, తరువాత కట్టు మార్చేటప్పుడు సరిచేస్తారు.

ఏది మేలు? పాదం బిగువునుబట్టి, సర్జనుగారి అలవాటునుబట్టి ఉంటుంది. కానీ ఏ దారిన వెళ్లినా లోపల చేసే పని పెద్దదే. అలా ఆపరేషన్ అయిన పిల్లల్లో చాలామందికి పెద్దయ్యాక పాదం బిర్రబిగిసి నొప్పి వస్తున్నట్లు తేలింది. అందుకే నేడు మొదటి వైద్యం కోత కాదు, సిమెంటు కట్లు.

డాక్టరు పొన్సెటి అమెరికాలోని అయోవాలో రూపొందించిన ఈ పద్ధతిలో పుట్టిన కొద్ది రోజులకే మొదలుపెట్టి, వారానికొకసారి పాదాన్ని మెల్లగా తిప్పి కొత్త కట్టు వేస్తారు. సాధారణంగా 5, 6 కట్లు చాలు. చివర చాలామందికి మడమ వెనుక స్నాయువును చిన్న గాటుతో తెంచుతారు. భయపడకండి, మూడు వారాల కట్టులో అది మళ్లీ అతుక్కుంటుంది. ఇది పై మూడు కోతల వంటిది కాదు.

అసలు కష్టం ఆ తరువాతే. కడ్డీ బిగించిన బూట్లు మూడు నెలలు రోజుకు 23 గంటలు, ఆపై నాలుగైదేళ్ల వయసు దాకా నిద్రలో తొడగాలి. పిల్ల ఏడుస్తోందని మానేస్తే పాదం మళ్లీ వంకరపోతుంది. అలా తిరగబెట్టినవారిలో కొందరికి, ఆలస్యంగా వచ్చినవారిలో కొందరికి, వెన్నెముక లోపం వంటివి కూడా ఉన్న కొందరికి పెద్ద ఆపరేషన్ తప్పదు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో వంకర పాదం కూడా ఉంది. అవనిగడ్డలో ఉన్నా గుడివాడలో ఉన్నా మీ ఊరి ఆశా కార్యకర్తను అడగండి, లేదా విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రి ఎముకల విభాగంలో చూపించండి.

కట్టు ఉన్నన్నాళ్లూ తడవనీయకండి. వేళ్లను రోజూ చూడండి. నీలంగా మారినా, చల్లబడినా, వాచినా, లోపలికి జారిపోయినా ఆ రాత్రికి రాత్రే ఆసుపత్రికి తీసుకురండి.