ప్రశ్నలు - జవాబులు: డాలు దెబ్బకు ధర ఎంత?

ప్రశ్న: మేం డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ (2014 పుస్తకం) ఆడుతున్నాం. ఫైటర్ ఆడే మిత్రుడు కుడిచేత్తో షార్ట్ స్వోర్డ్, ఎడంచేత్తో డాలు పట్టి, బోనస్ యాక్షన్‌తో డాలు దెబ్బ కూడా కొడతానంటున్నాడు. రెండు కత్తుల రేంజర్ ఆడే అమ్మాయి అలిగింది. డీఎంగా ఏం చెయ్యాలండీ?
— కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఆ అమ్మాయి అలకలో న్యాయం ఉంది. లెక్క వేద్దాం. ఇద్దరికీ మాడిఫయర్ +3, ఇద్దరికీ టూ వెపన్ ఫైటింగ్ స్టైల్ ఉందనుకోండి. షార్ట్ స్వోర్డ్‌కు డీ6, అంటే సగటు 3.5. మూడు కలిపితే 6.5. రెండు కత్తులూ తగిలితే 13. మీ మిత్రుడి డాలుకు డీ4 ఇస్తే కత్తికి 6.5, డాలుకు 5.5, మొత్తం 12. తగ్గింది ఒక్క పాయింటు. దానికి బదులుగా ఆయనకు డాలు ఇచ్చే +2 ఏసీ అలాగే ఉంటుంది. ఇదివరకు 11 పడితే తగిలే శత్రువుకు ఇప్పుడు 13 పడాలి. ఇరవైలో పది తగిలేచోట ఎనిమిదే తగులుతాయి. ఒక్క పాయింటు వదులుకుంటే ఐదో వంతు దెబ్బలు తప్పుతాయంటే ఇక రెండో కత్తి ఎవరు పడతారు? డ్యూయల్ వీల్డర్ ఫీట్ తీసుకున్నవాళ్లకే పుస్తకం ఇచ్చేది +1 ఏసీ. ఈయన ఏ ఫీట్ లేకుండా రెండు అడుగుతున్నారు.

పుస్తకం ప్రకారం డాలు ఆయుధాల పట్టికలో లేదు. దానితో కొడితే ఇంప్రొవైజ్డ్ వెపన్, అంటే కుర్చీతో కొట్టినట్టే. డీ4 వస్తుంది, కానీ లైట్ అన్న గుణం లేదు కాబట్టి బోనస్ యాక్షన్ దెబ్బకు పనికిరాదు. డాలు వీరులకు పుస్తకం చూపిన దారి షీల్డ్ మాస్టర్ ఫీట్. దాడి చేశాక బోనస్ యాక్షన్‌తో శత్రువును తొయ్యొచ్చు: అయిదడుగులు వెనక్కి, లేదా నేలమీదికి. డ్యామేజీ సున్నా. కింద పడ్డవాడి మీద దగ్గరున్నవాళ్లందరికీ అడ్వాంటేజ్. (విలుకాడు మాత్రం తిట్టుకుంటాడు, దూరం నుంచి కొట్టేవాళ్లకు అది డిసడ్వాంటేజ్.) తొయ్యడం దాడికి ముందా తర్వాతా అని చాలాకాలం గొడవ నడిచింది. తర్వాతేనని 2018లో డిజైనర్ జెరెమీ క్రాఫర్డ్ తేల్చారు. దాంతో తోసినవాడికంటే పక్కవాళ్లకే లాభం ఎక్కువైంది. నాకైతే అదే నచ్చింది. డాలు పట్టేది జట్టు కోసం కదా.

అయినా మీ మిత్రుడు వినకపోతే ఇలా ఒప్పుకోండి. బోనస్ యాక్షన్, డీ4, మాడిఫయర్ కలవదు, టూ వెపన్ స్టైల్ వర్తించదు. కొట్టాక తన తర్వాతి వంతు మొదలయ్యేదాకా డాలు +2 ఉండదు. ప్రతి వంతులోనూ ఆయనే తేల్చుకోవాలి: 2.5 పాయింట్ల దెబ్బా, రెండు ఏసీనా? చావుకు దగ్గరపడ్డ గాబ్లిన్ ఎదుట ఉంటే కొడతాడు, ఓగర్ ఉంటే కొట్టడు. డ్యూయెలింగ్ స్టైల్ ఉన్నవాళ్లకు మాత్రం ‘డాలు కూడా ఆయుధమైంది కదా’ అని ఆ +2 డ్యామేజీ కోసెయ్యకండి. కోస్తే నికరంగా మిగిలేది అర పాయింటు. అప్పుడు రూలు కాగితం మీదే ఉంటుంది.

ప్రశ్న: మాది పాత్‌ఫైండర్ మొదటి ఎడిషన్. మా ఆటలో డాలు రేంజర్ ఆరో లెవెల్ దాటగానే రెండు కత్తులవాడు దిక్కులు చూస్తున్నాడు. షీల్డ్ మాస్టర్ ఫీట్ తీసెయ్యమంటారా?
— విశాఖ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: మొత్తం తీసెయ్యక్కర్లేదమ్మా. ఆ ఆటలో డాలు దెబ్బకు మొదట ధర బాగానే పెట్టారు. కొడితే ఏసీ పోతుంది, ఇంప్రూవ్డ్ షీల్డ్ బాష్ ఉంటేనే నిలుస్తుంది. హెవీ షీల్డ్ అయితే టూ వెపన్ ఫీట్ ఉన్నా రెండు చేతులకూ -4. షీల్డ్ మాస్టర్ వచ్చాకే లెక్క తప్పుతుంది. అది డాలు దెబ్బకున్న పెనాల్టీని ఎత్తేస్తుంది, పైగా డాలు మీది మ్యాజిక్ ప్లస్‌ను దాడికీ డ్యామేజీకీ కలుపుతుంది. మామూలుగా బేస్ అటాక్ +11 ఉంటేగానీ దొరకని ఫీట్, మీ రేంజర్‌కు కాంబాట్ స్టైల్ పుణ్యాన ఆరో లెవెల్‌కే దొరికింది.

అసలు తిరకాసు బంగారంలో ఉంది. +3 కత్తి మ్యాజిక్‌కు 18,000 బంగారు నాణేలు, +3 డాలుకు 9,000. రెండు కత్తులవాడు రెండుసార్లు పద్దెనిమిది వేలు పోస్తుంటే, ఈయన సగం ధరకు ఆయుధమూ రక్షణా రెండూ కొంటున్నాడు. పెనాల్టీ రద్దు ఉంచండి, మ్యాజిక్ ప్లస్ కలపడం ఆపండి. డాలును ఆయుధంగా కూడా మంత్రించుకోవాలంటే ఆ డబ్బు వేరే కట్టమనండి. రూల్స్‌లో ఆ వీలు ఎలాగూ ఉంది.

ప్రశ్న: నిజం యుద్ధాల్లో డాలుతో కొట్టేవారు కదా! ఆటలో ఎందుకింత పిసినారితనం?
— డాలస్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: కొట్టేవారు. ఇంగ్లండ్‌లో లీడ్స్ రాయల్ ఆర్మరీస్‌లో ఐ.33 అనే రాతప్రతి ఉంది. పద్నాలుగో శతాబ్దం తొలినాళ్లది, కత్తీ చిన్న డాలూ పట్టే విద్య గురించి. అందులో డాలు దెబ్బకు పెద్దపీటే వేశారు. కానీ ఆ దెబ్బ పడేది ఎదుటివాడి తల మీద కాదు, కత్తీ డాలూ పట్టిన అతని చేతుల మీద. అవి కదలకుండా బిగిశాక కొట్టేది కత్తే. ఆటలోకి దీన్ని తేవాలంటే డ్యామేజీ ఇవ్వకుండా, డాలు దెబ్బ తగిలినవాడికి మీ తర్వాతి వంతుదాకా రియాక్షన్ లేదనండి. శత్రువు పక్కన ఇరుక్కున్న మీ విజార్డ్ దెబ్బ తినకుండా బయటపడతాడు.