పోర్ట్స్‌మత్ నౌకాశ్రయ సందర్శనము

ఇంగ్లండు దేశపు దక్షిణతీరమున, పోర్ట్‌సీ అను చిన్న ద్వీపముమీద పోర్ట్స్‌మత్ నగరము నెలకొని యున్నది. దాని యెదుట, కొలది మైళ్ల దూరమున, వైట్ ద్వీపము పెద్ద గోడవలె అడ్డముగా నిలిచి సముద్రపు పెనుగాలులను ఆపుచున్నది. నగరమునకు పడమటి దిక్కున విశాలమైన రేవు కలదు. ఆ రేవు ముఖద్వారము మిక్కిలి యిరుకైనది. లోపల ఓడలు ఎన్నియైనను నిలువవచ్చును. వెలుపలినుండి శత్రువు సులభముగా చొరరాదు. ప్రకృతి యొసగిన ఈ సౌకర్యమువలననే అది అనేక శతాబ్దములుగా ఆంగ్లేయ నౌకాదళమునకు ముఖ్యస్థానమైనది.

భారతదేశమునుండి వచ్చిన యాత్రికు డొకడు ఒకనాటి ఉదయము లండనులో రైలెక్కి, సుమారు రెండు గంటలలో ఈ నగరమునకు చేరెను. రైలుదారి చివరనున్న స్టేషను నీటిలో నాటిన స్తంభములమీద నిలిచి యున్నది. బండి దిగగానే అతనికి ఎత్తైన ఓడకొయ్యలు కనబడెను. అవి 1860లో నీటికి దింపబడిన ‘వారియర్’ అను ఇనుప యుద్ధనౌకవి. అయినను అతని మనస్సు దానిపై నిలువలేదు. బాల్యమున చరిత్ర పాఠములలో చదివిన నెల్సను ఓడను చూడవలెననియే అతడు అంతదూరము వచ్చెను.

నెల్సను ఓడకు పోవు త్రోవలోనే ‘మేరీ రోజ్’ ప్రదర్శనశాల కలదు. అతడు ముందుగా అందు ప్రవేశించెను. ఎనిమిదవ హెన్రీ రాజు కాలమున ఈ నగరముననే నిర్మింపబడిన యుద్ధనౌక యది. 1545 జూలై 19వ తేదీన ఫ్రెంచి నౌకలు తీరమును సమీపింపగా, వానితో పోరుటకు మేరీ రోజ్ బయలుదేరెను. రాజు ఒడ్డుననున్న కోటనుండి చూచుచుండెను. ఓడ మలుపు తిరుగుచు ఒక ప్రక్కకు ఒరిగిపోయెను. ఫిరంగులకై తెరచియుంచిన కిటికీలనుండి నీరు లోపలికి దూకెను. రాజు కన్నులయెదుటనే ఓడ మునిగిపోయెను. అందున్న సుమారు 500 మందిలో బ్రతికి బయటపడినవారు నలుబది మందికి మించలేదు.

ఓడలో సగభాగము సముద్రపు బురదలో కూరుకొనిపోయెను. బురదలోనికి గాలి చొరదు. కొయ్యను తొలిచెడు పురుగులును చేరలేవు. అందుచేత ఆ భాగము చెడక నిలిచినది. 1982 అక్టోబరు 11వ తేదీన, అనగా 437 సంవత్సరముల తరువాత, దానిని పైకెత్తిరి. నీటిలో నానిన కొయ్య ఒక్కసారిగా ఆరినచో ముడుచుకొని పగిలిపోవును. కావున మొదట చన్నీటిని, పిదప కొయ్యకు బలమిచ్చు రసాయనద్రావకమును 2013 వరకు దానిపై చల్లుచు వచ్చిరి. ఒక పాత ఓడకై ముప్పది యేండ్లు ఎడతెగక శ్రమించిన ఆ పట్టుదల మెచ్చదగినది.

యాత్రికుని హృదయమును కదల్చినది ఓడకన్నను ఓడలో దొరికిన చిన్న వస్తువులు. తల దువ్వుకొను దువ్వెనలు, కొయ్యగిన్నెలు, తోలుచెప్పులు, పాచికలు, ఒక కుక్క అస్థిపంజరము అచ్చట భద్రపరుపబడినవి. ఆ ఓడ నాయకుని పేరు చరిత్ర చెప్పును. ఆ దువ్వెనతో తల దువ్వుకొన్నవాని పేరు ఎవ్వరును ఎరుగరు. అతని పండ్లను, ఎముకలను పరీక్షించి శాస్త్రజ్ఞులు కొంత తెలిసికొన గలిగిరి. ఆ నావికులలో కొందరు ఇంగ్లండునగాక, దక్షిణమునందలి వెచ్చని దేశములలో పెరిగినవారట!

అచ్చటినుండి అతడు నెల్సను ఓడయైన ‘విక్టరీ’ని చేరెను. 1765లో నీటికి దింపబడిన ఈ కొయ్య ఓడ 1922 నుండి ఇచ్చటి డ్రై డాక్‌లో నిలిచి యున్నది. డ్రై డాక్ అనగా ఓడ పట్టునంతటి లోతైన రాతి తొట్టి. ఓడను లోనికి తెచ్చి, ద్వారము మూసి, నీటిని తోడివేసినచో దాని అడుగుభాగము బయటపడును. పనివారు పొడినేలపై నిలిచి మరమ్మతు చేయుదురు. ఈ నగరమున ఇట్టి తొట్టిని మొదట 1495లోనే కట్టించిరి. 2022లో మొదలైన పెద్ద మరమ్మతు కారణముగా ఓడకొయ్యలు తీసివేయబడి, ఓడచుట్టును పరంజాలు నిలిచి యుండెను.

1805 అక్టోబరు 21వ తేదీన స్పెయిను తీరమున, ట్రఫాల్గరు అగ్రము చెంత, ఫ్రాన్సు స్పెయినుల నౌకలతో ఆంగ్లేయులు పోరి గెలిచిరి. ఆ యుద్ధమునకు నెల్సను ఈ నగరపు ఒడ్డుననే పడవ యెక్కి పోయెను. తిరిగి ప్రాణముతో రాలేదు. ఆయన గుండుదెబ్బ తిని పడినచోట ఒక లోహపు పలక కలదు. యాత్రికుడు దానియెదుట కొంతసేపు నిలిచెను. పిమ్మట క్రింది అంతస్తులకు దిగెను. అచ్చటి కప్పు మిక్కిలి తక్కువ ఎత్తున నున్నందున అతడు తల వంచి నడువవలసి వచ్చెను. ఆ చీకటిలో, ఫిరంగులమధ్య, గుడ్డ ఉయ్యాలలలో ఎనిమిది వందల మందికి పైగా నిద్రించెడివారు. వారిలో బలవంతముగా పట్టి తేబడినవారును కలరు.

యాత్రికుడు అచ్చటనున్న వృద్ధుడైన మార్గదర్శితో, “అయ్యా! ఇది మీ దేశపు విజయచిహ్నము. పరదేశీయుడనైన నేను దీనిని చూచి పోవుటకు మాత్రమే వచ్చితిని” అనెను.

వృద్ధుడు చిరునవ్వుతో, “అట్లనకుడు. నాటి నావికుల పట్టిక నేటికిని ఉన్నది. అమెరికావారు, ఇటలీవారు, మాల్టావారు, ఆఫ్రికావారు ఈ ఓడలో పనిచేసిరి. ఫ్రెంచివారితో జరిగిన యుద్ధములో ఫ్రెంచివారు కొందరు ఈ ఓడమీదనే యుండిరి. భారతదేశమున పుట్టినవారి పేర్లును ఆ పట్టికలో కలవు. నెల్సనును మీరు చిన్ననాడే ఎరుగుదురు. వారిని గూర్చి మీకెవ్వరు చెప్పిరి?” అనెను.

యాత్రికునికి ఏమి చెప్పుటకును తోచలేదు.

వృద్ధుడు మరల, “మీ బొంబాయిలో పారసీ శిల్పులు 1817లో టేకు కొయ్యతో కట్టిన ‘ట్రింకోమలీ’ అను యుద్ధనౌక అనేక సంవత్సరములు ఈ రేవుననే యుండెను. మా పిల్లలు దానిపై ఓడపని నేర్చుకొనిరి. 1987లో దానిని ఉత్తరమునందలి హార్టిల్‌పూల్‌కు తరలించి బాగుచేసిరి. ఇన్నూరేండ్లు గడచినను అది నేటికిని నీటిపై తేలుచునే యున్నది” అని చెప్పెను.

పిదప అతడు యాత్రికునికి నౌకాశాలలోని ఇటుకల కట్టడమొకదానిని గూర్చి వివరించెను. తెరచాపలను ఎత్తి దింపు త్రాళ్లకు కొయ్యకప్పీలు కావలెను. ఒక్కొక్క పెద్ద ఓడకు అవి సుమారు వేయి పట్టును. పూర్వము వానిని చేతితో చెక్కెడివారు. ఫ్రాన్సులో విప్లవకాలమున స్వదేశము విడిచిపోయిన మార్క్ బ్రూనెల్ అను శిల్పి ఆ కప్పీలను చేయుటకు యంత్రములను కల్పించెను. హెన్రీ మాడ్‌స్లే వానిని లోహముతో నిర్మించెను. 1808 నాటికి ఏటికి 1,30,000 కప్పీలు తయారగుచుండెను. పూర్వము 110 మంది చేసెడి పనిని పదిమంది చేయగలిగిరి. యంత్రములతో ఒకే రీతి వస్తువులను విస్తారముగా చేయు పద్ధతికి లోకములోని తొలి యుదాహరణములలో ఇది యొకటి. ఫ్రాన్సుతో యుద్ధము సాగుచున్న కాలముననే, ఫ్రాన్సున పుట్టిన ఒకని బుద్ధి ఆంగ్లేయ నౌకలకు తోడ్పడినది.

మధ్యాహ్నము యాత్రికుడు నగరవీథులలో నడచెను. ఒక చిన్న యిల్లు ప్రదర్శనశాలగా కాపాడబడుచున్నది. అందు 1812లో చార్లెస్ డికెన్స్ జన్మించెను. ఆయన తండ్రి నౌకాదళపు జీతముల కచేరీలో గుమాస్తా. తరువాతి కాలమున డికెన్స్ తన నవలలలో చరిత్ర పట్టించుకొనని పేదలను, పనివారిని, అనాథ బాలురను సజీవముగా చిత్రించెను.

ఇంకను ముందుకు పోగా నగరసభాభవనము కనబడెను. రెండవ ప్రపంచయుద్ధమున, 1941 జనవరి 10వ తేదీ రాత్రి, జర్మను విమానములు కురిపించిన బాంబులకు అది కాలిపోయి గోడలు మాత్రమే మిగిలెను. 1959లో దానిని మరల తెరచిరి. ఆ యుద్ధములో ఈ నగరమున తొమ్మిది వందలమందికి పైగా పౌరులు బాంబులకు బలియైరి. నౌకాబలము నగరమునకు కీర్తి తెచ్చినది. ఆ బలమే శత్రువుల గురిని కూడ తెచ్చినది.

సాయంకాలమునకు అతడు సౌత్‌సీ సముద్రతీరమును చేరెను. అచ్చట ఎత్తైన రాతిస్తంభము కలదు. రెండు ప్రపంచయుద్ధములలో సముద్రమున ప్రాణములు విడిచి, సమాధియైన లేని నావికుల స్మారకచిహ్న మది. దానిచుట్టును లోహపు పలకలపై 24,000కు పైగా పేర్లు చెక్కబడి యున్నవి. అధికారుల పేర్లును, ఓడ అడుగున కొలిమిలో బొగ్గు వేసినవారి పేర్లును అందు కలవు.

ఒక ముసలామె తన మనుమని చేయిపట్టుకొని వచ్చి, ఒక పలకపై వ్రేలుంచి, ఒక పేరును వానిచేత కూడబలికి చదివించుచుండెను. యాత్రికుడు వారిని చూచుచు దూరముగా నిలిచెను. మేరీ రోజ్‌లో మునిగినవారి పేర్లు దొరకలేదు. విక్టరీలో పనిచేసినవారి పేర్లు పట్టికలో దాగి యున్నవి. వీరి పేర్లు మాత్రము ఎల్లరును చదువునట్లు బయట నిలిచినవి. సామాన్యుని పేరును లోహముపై చెక్కవలెనని మానవులకు తోచుటకు ఇన్ని శతాబ్దములు పట్టినది.

చీకటి పడుచుండగా అతడు స్టేషనుకు మరలెను. ఉదయము ఒక్క నెల్సనును చూడవచ్చిన యాత్రికుడు, పేరెరుగని వేలమందిని తలచుకొనుచు రైలెక్కెను. విజయమునకు నాయకుని పేరు పెట్టుట లోకపు వాడుక. ఆ విజయమును భుజములపై మోసినవారిని గూర్చి విచారించుట చరిత్ర చదువువారి ధర్మము.