ఆకాశంలో ప్రార్థన వరుసలు



మా ఊళ్ళో టవరు లేదు. పోయిన వానాకాలం అమ్మకు జ్వరం ఎక్కువైతే, నాన్న చీకట్లో గుట్ట ఎక్కి అంబులెన్సుకు ఫోను చేశాడు. అమ్మ కోలుకుంది. నాకు మాత్రం ఒక ప్రశ్న మిగిలింది: టవరు లేకుండా మాట పోదా? సైన్సు సారును అడిగాను. సారు చెప్పింది, నేను చదివింది కలిపి రాస్తున్నాను.

టీవీ ఉపగ్రహాలు సుమారు 36,000 కి.మీ. ఎత్తులో, మనకు ఒకేచోట నిలిచినట్టు ఉంటాయి. మాట అక్కడికి ఎక్కి దిగాలంటే 72,000 కి.మీ. సెకనుకు 3 లక్షల కి.మీ. వేగంతో పోయినా 0.24 సెకను పడుతుంది. జవాబుకు మళ్ళీ అంతే.

ఇరిడియం ఉపగ్రహాలు 780 కి.మీ. ఎత్తులోనే తిరుగుతాయి. నెత్తిమీద ఉన్నదాని దాకా పోయి రావడానికి 0.005 సెకను చాలు. చిక్కేమంటే, అవి ఆగవు. ఒక్కొక్కటి సుమారు 10 నిమిషాల్లో మన ఆకాశం దాటిపోతుంది. మరి మాటను ఎవరి చేతికి అందించాలి?

మన ప్రార్థన వరుసలు గుర్తు తెచ్చుకోండి. ఇరిడియంలో 6 వరుసలు, వరుసకు 11, మొత్తం 66 ఉపగ్రహాలు. ధ్రువాల మీదుగా తిరుగుతాయి. మామూలుగా ఒక్కోదానికి నాలుగు చేతులు: ముందు, వెనక, కుడి, ఎడమ. ముందువాళ్ళు, వెనకవాళ్ళు మారరు. పక్క వరుసవాళ్ళు కూడా మనతోపాటే నడుస్తారు. కాబట్టి చీటీ అందించడం తేలిక. అలా చేతులు మారుతూ మాట చివరికి నేలమీది కేంద్రానికి దిగుతుంది. మధ్యలో టవరు అక్కర్లేదు.

ఒక ఇబ్బంది ఉంది. భూమికి ఒకవైపు ఆరు వరుసలూ ఉత్తరానికి ఎక్కుతుంటే, అవతలివైపు అవే దక్షిణానికి దిగుతుంటాయి. ఎక్కే వరుస, దిగే వరుస పక్కపక్కన వచ్చేచోట ఎదురెదురుగా దూసుకుపోతాయి. ఎదురెదురుగా పరుగెత్తే ఇద్దరు చీటీ ఇచ్చుకోగలరా? అందుకే అక్కడ చేయి కలపరు. ఆ అంచు వరుసలవాటికి చేతులు మూడే. మాట చుట్టు తిరిగి పోతుంది. దారి పొడవైనా తెగదు.

ఈ ఏర్పాటు 1998లో పని మొదలుపెట్టింది. 2017–2019 మధ్య పాతవాటి స్థానంలో కొత్త ఉపగ్రహాలు పంపినా, వరుసలు అవే. ఇంటర్నెట్ ఇచ్చే స్టార్‌లింక్‌కు వేల ఉపగ్రహాలున్నాయి. అవి లేజర్ కిరణాలతో ఒకదానికొకటి మాట అందించుకుంటాయి.

నాకు అర్థమైంది ఇదీ: ఎదురుపడ్డ ప్రతివాళ్ళతో కాదు, వెంట నడిచేవాళ్ళతో చేయి కలపాలి.

ఆలోచించండి: 1వ వరుసలో 1వ వానినుంచి 4వ వరుసలో 5వ వానికి చీటీ పోవాలి. తక్కువలో తక్కువ ఎన్నిసార్లు చేతులు మారాలి? జవాబు వచ్చే సంచికలో.

— 9వ తరగతి విద్యార్థి